దొర మోసిన కబుర్లు

మొన్న మా మనవరాలు తన కుక్కకు బుద్ధులు నేర్పించడానికి ఒకాయనను ఇంటికి పిలిపించింది. నెల్లూరులో ఇప్పుడు దానికీ మనుషులున్నారు. పిల్లలకు ట్యూషన్ మాస్టర్లు వచ్చినట్టే వేళకు వస్తారు, చెప్పులు బయట విడుస్తారు, కాఫీ వద్దంటూనే తాగుతారు. నడకకు తీసుకెళ్తే కుక్క లాగేస్తోందని, ఎదురొచ్చిన ప్రతివాడి మీదా ఎగురుతోందని మా పిల్ల ఫిర్యాదు. ఆయన మాత్రం కుక్క వంక చూడనే లేదు. తాడు పట్టుకున్న మా పిల్ల వంకే కాసేపు చూసి, "ముందు మీరు నెమ్మదించండి మేడమ్. మీరు ఎవరి మీదో కోపంగా ఉన్నారు. అది మీ చేతిలోంచి తాడులోకి, తాడులోంచి దానిలోకి పోతోంది" అన్నాడు. కాసేపటి ముందే ఆ పిల్ల ఫోనులో మొగుడితో గొడవపడిందని ఆయనకు ఎవరు చెప్పారో. నేను బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత చూసుకుంటే కాయలు చెత్తలోకీ, ఈనెలు గిన్నెలోకీ వేస్తున్నాను. ఉల్లిపాయలైతే ఒక సాకైనా ఉండేది. చిక్కుడుకాయలకు ఈ ముసలామెకు కళ్లనీళ్లేమిటని ఆయన అనుకునే ఉంటాడు.

ఆయన చెప్పిన పాఠం నాకు అరవై ఏళ్ల కిందటే ఒక కుక్క చెప్పింది. దాని పేరు దొర.

నేను నాయుడుపేట పిల్లను. యాభైల చివర్లో పెళ్లయి, బోగోలు దాటి, బకింగ్‌హాం కాలువకు అవతల, సముద్రం వైపు ఉన్న ఒక ఇసుక పల్లెకు కాపురానికి వెళ్లాను. కాలువను బల్లకట్టు మీద దాటాలి. అవతల గట్టున అడుగుపెడితే చీలమండల దాకా ఇసుక. అంతా సరుగుడు తోపులు, చెనక్కాయ చేలు, తాటాకు కప్పిన ఒక ప్రార్థన మందిరం, దాని చుట్టూ మావాళ్ల ఇళ్లు. మా ఇంటినుంచి సముద్రం కనపడదు, వినపడుతుంది. సరుగుడు తోపులో గాలి వీచినా అదే చప్పుడు. ఏది సముద్రమో ఏది తోపో తేల్చుకోలేక మొదటి ఏడంతా చెవులు రిక్కించుకునే బతికాను. బస్సులు, రైళ్లు ఎరిగిన నాయుడుపేటదాన్ని, చేపల పులుసు వాసన తప్ప ఇంకే కబురూ రాని ఊళ్లో పడ్డానని అమ్మ మీద చాలా కోపంగా ఉండేది.

ఇంట్లో ఉన్నది ముగ్గురమే. మామగారు, మా ఆయన, నేను. అత్తగారు నేను రాకముందే పోయారు. దొర ఆమె పెంచిన కుక్క. కుక్కపిల్లగా ఉన్నప్పుడు చూసి, "ఎర్రగా ఉండాడు, ఎండ పడదు, నీడలో పడుకోని అందరి మీదా కేకలేస్తాడు, వీడు దొర కాక ఇంకేంది" అన్నదట ఆమె. తెల్లదొరలు దేశం విడిచి పోయిన పదేళ్లకు కూడా మా ఇంట్లో ఒక దొర అలా మిగిలిపోయాడు.

కాపురానికి వెళ్లిన మర్నాడు పొద్దున ఒక వింత చూశాను. అరుగుకు ఆ చివర మామగారు, ఈ చివర మా ఆయన, నడుమ కుక్క. మామగారు కుక్క వంక చూస్తూ, "దొరా, ఆయనగారికి చెప్పరా, పెళ్లి చేసుకున్న మనిషి చేను మొహం కూడా చూడాలని" అన్నారు. మా ఆయన కూడా కుక్క వంకే చూస్తూ, "పెద్దాయనకి చెప్పరా, కోడి కూయకముందే చూసి వచ్చినానని" అన్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు ఇద్దరూ. నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తాను. సరదాకి అలా మాట్లాడుకుంటున్నారనుకున్నాను. వారం గడిచినా ఆ సరదా ఆగకపోయేసరికి నవ్వు పోయి భయం పట్టుకుంది.

సంగతి పొరుగింటి ముసలామె చెప్పింది. మా ఆయన నెల్లూరులో టీచరు ట్రైనింగు చదువుతూ ఆఖరి పరీక్షలు రాస్తున్న రోజుల్లో అత్తగారు గుండెనొప్పితో ఉన్నపళంగా పోయారు. కబురు పెడితే పిల్లవాడి పరీక్ష పాడవుతుంది, ఏడాది చదువు మన్నవుతుందని మామగారు కబురు పెట్టనివ్వలేదు. వేసవి కాలం. ఆ సాయంత్రమే సమాధి చేసేశారు. పరీక్షలు ముగించుకుని మా ఆయన ఉత్సాహంగా ఇంటికొచ్చాడు, చేతిలో అమ్మకని కొన్న కళ్లజోడుతో. బైబిలులో అక్షరాలు ఆనడం లేదని ఆమె ఎప్పటినుంచో అంటుండేదట. వాకిట్లోకి రాగానే, "అమ్మా, ఇంక నువ్వే చదువుకోవచ్చు" అని కేకేశాడట. ఆమె సమాధి మీద మట్టి అప్పటికే ఎండిపోయి ఉంది. ఆ పరీక్ష పాసయ్యాడు, ఊరి బళ్లో మాస్టరయ్యాడు. ఆ ఉద్యోగం పెట్టిన అన్నమే మేమందరం తిన్నాం. కానీ ఆ రోజునుంచీ తండ్రి మొహం చూసి ఒక్క మాట మాట్లాడలేదు. మామగారు మొదట్లో రెండు మూడుసార్లు పలకరించి, జవాబు రాక, తన కొడుక్కి తీసిపోని పంతంతో తనూ మానేశారు. ఇల్లు గడవాలంటే మాట నడవాలి గదా. ఆ పని దొర నెత్తిన పడింది.

దొరతో పాటు దేవుడికీ కొంత పని ఉండేది. రోజూ దీపాలవేళ కుటుంబ ప్రార్థనలో మామగారు ఆ కళ్లజోడే పెట్టుకుని బైబిలు చదివి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ ఇంట కఠిన హృదయం గలవాళ్లు ఉండారు, నీకు తెలుసు" అని మొదలుపెట్టేవారు. మా ఆయన కళ్లు తెరిచి ఆ కళ్లజోడు వంకే చూస్తూ కూర్చునేవాడు. ఆ చూపు నాకు ఈ వయసులో కూడా మరపురాదు. ఇక నా సంగతి. కోడలు మామగారి ఎదుట నిలబడి మాట్లాడే రోజులు కావవి. గుంజ చాటున నిలబడి నేనూ, "దొరా, మామకి చెప్పు, అన్నం పెట్టినానని" అనేదాన్ని. ముగ్గురు మనుషులకు ఒక్క కుక్క.

పాపం ఆ కుక్కకు మా మాటలేం తెలుస్తాయి. దానికి చేరేది గొంతు ఒక్కటే. మామగారు కొడుకు మీద కోపంతో "దొరా" అని ఉరిమితే, ఆ కోపం తన మీదే అనుకుని తోక ముడుచుకుని పొట్ట నేలకేసి పాకుతూ వెళ్లి ఆయన కాళ్ల దగ్గర పడుకునేది. మా ఆయన జవాబు విసిరితే లేచి ఇటు పాకేది. ఏ తప్పూ చెయ్యకుండానే పూటకు రెండుసార్లు ఇద్దరి దగ్గరా క్షమాపణ చెప్పుకునేది. రాను రాను పిలిస్తే రావడం మానేసింది. బండి కింద దూరి ముందుకాలు పుండు పడేదాకా నాక్కుంటూ ఉండేది. చేలో నక్కలు పడి చెనక్కాయలు తవ్వుకు తింటున్నా కదిలేది కాదు. "ఇది ఎందుకూ పనికిరాదు, కాలువకి అవతల వదిలేసి రావాల" అన్నారు మామగారు ఒకరోజు, దొర వంకే చూస్తూ. దొరను వదిలేయడానికి దొరతోనే కబురు చెప్పినట్టయింది. మా ఆయన మొహం పాలిపోయింది. అమ్మ తాలూకు ప్రాణమున్న వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే.

నాకూ తక్కువ జబ్బు లేదు. మా పుట్టింటి ఆడవాళ్లకు కోపమొస్తే నోరు మూసుకుంటారు, గిన్నెలు మాట్లాడతాయి. నాయుడుపేట తీసుకెళ్తానని మా ఆయన మాట తప్పిన ఒక మధ్యాహ్నం, దొర సత్తుపళ్లెం ఠప్పున నేలమీద పెట్టాను. ఒక్క మాట అనలేదు. దొర నా చేతివంక చూసి, పళ్లెం వదిలేసి, బండి కిందకి పోయింది. చేప తలకాయలున్న పళ్లెం. ఎంత తియ్యగా పిలిచినా రాలేదు. నేను నవ్వుతూ పిలుస్తున్నానని నేననుకుంటున్నాను, లోపల కుతకుతలాడుతున్నానని అది అనుకుంటోంది. దాని మాటే నిజం. ఉక్రోషంతో వెళ్లి నూతిలో నీళ్లు తోడి, మొహం, కాళ్లు కడుక్కుని, గట్టు మీద కూర్చుని ఉత్తినే సరుగుడు చప్పుడు వింటూ ఉండిపోయాను. పిలవనే లేదు. కాసేపటికి తడిముక్కు నా మోచేతికి తగిలింది.

అప్పటినుంచి అది నా అలవాటైంది. కోపంగా ఉన్నప్పుడు దొరను పిలిచేదాన్ని కాదు. నూతి దగ్గరికి పోయి, నా కోపం దేని మీదో నాకు తెలిసేదాకా కూర్చుని, అప్పుడు పిలిచేదాన్ని. చిత్రమేమిటంటే సగంసార్లు ఆ కోపం అనుకున్న మనిషి మీద ఉండేది కాదు. "కుక్కని పిలిచేదానికి మొహం కడుక్కునే ఆడమనిషిని నిన్నే చూసినా మే" అని మా ఆయన నవ్వేవాడు. "మీరు కూడా కడుక్కోండి. వాడికి మీ మాట చేరదు, గొంతే చేరతాది" అన్నాను. గుంజకు అవతల మామగారు ఉన్నారని నాకు తెలుసు.

ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇద్దరికీ దొర కావాలి. దొర మెత్తటి గొంతుకే వస్తాడు. రెండు చేల అవతలి ఎద్దుల్ని ఇంటినుంచే అదిలించే మామగారు, గొంతు తగ్గించి, జలుబు చేసిన మనిషిలా "దొరా... నాయనా..." అని పిలవడం మొదలుపెట్టారు. మా ఆయన పోటీకి ఇంకా మెత్తగా పిలిచేవాడు. పిలుపు మెత్తనైతే దాని వెనకొచ్చే మాట మాత్రం ఎంతని గట్టిగా ఉంటుంది? "ఆయనగారికి చెప్పరా" అంటే కుదరడం మానేసింది. ఒకరోజు భోజనాల దగ్గర మామగారు, "దొరా, మీ అన్నకి చెప్పు, బడికి పొయ్యేటప్పుడు గొడుగు తీసకపొమ్మని" అన్నారు. మా ఆయన ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. ఆ ముద్ద దించి, "తీసకపోతానని నాయనకి చెప్పరా" అన్నాడు. పెద్దాయన పోయి నాయన వచ్చాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతోనే. దొర కాలిపుండు మానింది. మళ్లీ చేలోకి పోయి నక్కల్ని తరిమేవాడు. మాకు కూతురు పుట్టింది. దాని ఉయ్యాల కింద పడుకోవడం దొరకు మూడో ఉద్యోగం. ఇంకొక్క అడుగే మిగిలింది, కుక్క వంక చూసే కళ్లు ఒకరి వంక ఒకరు తిప్పుకోవడం. ఇవాళో రేపో అది కూడా జరుగుతుందని నేను ఎదురుచూస్తూ ఉన్నాను. తొందరేముంది అనుకున్నాం ముగ్గురమూ.

అరవైలు సగానికొచ్చిన ఏడు, వానలు వెనకపట్టాక, మా ఆయనకు విషజ్వరం తగిలింది. మొదట బడి మానలేదు, తర్వాత మంచం దిగలేదు. మామగారు చేను వదిలేసి గడప బయటే కూర్చునేవారు. లోపలికి మాత్రం రారు. "మజ్జిగ తాగినాడేమో అడగరా" అనేవారు. "తాగినానని చెప్పరా" అని మంచం మీదనుంచి సన్నగా జవాబొచ్చేది. దొర గడప మీద పడుకుని, మాట ఎటునుంచి వస్తే అటు తల తిప్పేవాడు. ఆ గడప ఎత్తు జానెడు కూడా ఉండదు. ఆయన దాటితే బాగుండునని నేను, పిలిస్తే దాటుదామని ఆయన, వస్తే మాట్లాడదామని ఈయన.

జ్వరం తలకెక్కి మాట తడబడుతున్న రోజు మామగారు బండి కట్టి కావలి నుంచి డాక్టరును తీసుకురావడానికి బయల్దేరారు. కాలువ పొంగి ఉంది, బల్లకట్టు కోసం ఆగాలి. ఆయన వెళ్లిన కొంతసేపటికి మా ఆయనకు తెలివొచ్చింది. గడప వైపు చూసి, "నాయన ఏడీ" అన్నాడు. డాక్టరు కోసం పోయినాడన్నాను. దొరను పిలిచాడు. గొంతులో బలం లేదు, కాబట్టి దొర ఒక్క దూకున వచ్చాడు. దాని తలమీద చెయ్యేసి, "దొరా, నాయన వస్తే చెప్పరా, నాకు కోపం లేదని. ఎప్పుడో పోయింది. చెప్పేదానికే సిగ్గుపడినానని చెప్పు" అన్నాడు. "నువ్వే చెప్దువులే, వస్తాడు" అన్నాను నేను. ఆయన తల ఊపాడు. దొర తలమీద చెయ్యి అలాగే ఉంది. చాలాసేపు దొర కదల్లేదు. ఆ చెయ్యి బరువెక్కడం నాకంటే ముందు దానికే తెలిసి ఉంటుంది.

మామగారు డాక్టరుతో వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో జనాన్ని చూసి బండిలోనే కూర్చుండిపోయారు. అప్పుడు దాటారు ఆ గడప. అత్తగారి పక్కనే సమాధి చేశాం.

ఆ తర్వాత మామగారు మాట అన్నదే మానేశారు. ప్రార్థన లేదు, కళ్లజోడు మేకుకు వేలాడుతూ ఉండేది, దొరను కూడా పిలవరు. నా దగ్గర ఆయనకు చేర్చాల్సిన కబురుంది. చేర్చలేదు. ఎదుటపడి మాట్లాడకూడదన్న కట్టుబాటు ఒక సాకు మాత్రమే. నాకు ఆ మనిషిని చూస్తే ఒళ్లు మండేది. జానెడు గడప దాటలేని మనిషికి, ఎనిమిది నెలల పిల్లతో నన్నిలా నిలబెట్టిన పంతానికి, ఆ మంచి మాట ఎందుకు అందాలి అనిపించేది. ఒక సాయంత్రం తెగించి గుంజ చాటున నిలబడి "దొరా" అని పిలిచాను. దొర నా వంక ఒకసారి చూసి, లేచి, బండి కిందకి పోయాడు. అంతే, నోరు మూసుకున్నాను. ఆ గొంతుతో ఆ మాట చెప్పి ఉంటే ఆయన్ని రాయి తీసుకుని కొట్టినట్టే ఉండేది. నూతి దగ్గర కూర్చున్నాను. ఈ దుఃఖం మొహం కడుక్కుంటే పోయేది కాదు.

ఇంకొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించి వచ్చి, గుంజ చాటున నిలబడ్డాను. మామగారు ఆకు ముందు కూర్చున్నారు. ముద్ద కలిపారు. కలుపుతూ ఏదో పరధ్యానంలో, అదే జలుబు గొంతుతో, "దొరా, మీ అన్నని అన్నానికి రమ్మనరా, చల్లారిపోతాంది" అన్నారు. దొర లేచాడు. గడప దాటి లోపలికి వెళ్లాడు. ఖాళీ మంచం చుట్టూ తిరిగి, వాసన చూసి, మళ్లీ వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. అప్పుడు ఆయనకు తెలిసింది తను ఏమన్నదీ. కలిపిన చెయ్యి ఆకులో అలాగే ఉండిపోయింది. నా గుండె పగిలింది ఆ రోజే. మా ఆయన పోయిన రోజు నేను కోపంతో నిలబడ్డాను గాని పగల్లేదు. ఆయన పోగొట్టుకున్నదీ నేను పోగొట్టుకున్నదీ ఒకే మనిషినని ఆ కుక్క వెళ్లి చూసి వచ్చి చెబితే గాని నాకు ఎక్కలేదు.

"దొరా" అన్నాను. గొంతు నాది కాదేమో అనిపించింది. దొర నేరుగా వచ్చి నా పాదాల మీద గడ్డం ఆనించాడు. అప్పుడు ధైర్యం వచ్చింది. "దొరా, మామకి చెప్పు. ఆ రోజు నీతో చెప్పమన్న మాట చెప్పు. తనకి కోపం లేదని చెప్పమన్నాడు గదా. ఎప్పుడో పోయిందని, చెప్పేదానికే సిగ్గుపడినానని చెప్పమన్నాడు గదా."

మామగారు ఆకులోంచి చెయ్యి తీశారు. తర్వాత తల తిప్పి, దొర వంక కాదు, గుంజ చాటు వైపు, నా మొహంలోకే చూశారు. నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన కళ్లు అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అవి మా ఆయన కళ్లే.

"ఇంకోసారి చెప్పు మ్మా" అన్నారు.

గుంజ చాటునుంచి ఇవతలికి వచ్చి, ఎదురుగా కూర్చుని, మళ్లీ చెప్పాను. ఆయన బతికినన్నాళ్లూ, వక్కాకు అడిగినంత మామూలుగా, మళ్లీ మొదలైన దీపాలవేళ ప్రార్థన అయ్యాక ఎప్పుడన్నా అడిగేవారు, ఇంకోసారి చెప్పమని. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని వినేవారు. ఎప్పుడడిగినా చెప్పేదాన్ని. మా ఇద్దరి నడుమా దొర నిద్రపోయేవాడు. మోయడానికి కబుర్లు లేక వాడికి ముసలితనం తొందరగా వచ్చింది. వాడు పోతే తోపు చివర మామగారే గుంట తవ్వారు, నన్ను తవ్వనివ్వలేదు.

మొన్న ఆ కుక్కల మాస్టరు వెళ్లిపోయాక మా మనవరాలు కుక్క తాడు మేకుకు తగిలించి, నా పక్కన కూర్చుని, చెత్తలోంచి చిక్కుడుకాయలు ఏరుతూ, "ఏందవ్వా, ఏమైంది" అంది. "ముందు నీ మొగుడికి ఫోను చెయ్, కడుక్కోవాలంటే మొహం కడుక్కోని చెయ్" అన్నాను. లోపలికి పోయింది. తలుపవతల దాని గొంతు మెత్తబడటం వింటూ కూర్చున్నాను. మామగారు ఆ మాట అడిగిననాటి వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఓపిగ్గా అడిగితే కాలం చాలానే ఇస్తుంది, నాకు మనవరాలిని కూడా ఇచ్చింది. ఇంకోసారి మాత్రం ఇవ్వదు.